సూయెజ్ కథ – 7: తట్ట దిగింది, గొలుసు తిరిగింది

గత భాగాన్ని 1864 వేసవి దగ్గర ఆపాం. ఈజిప్టు పాలకుడు ఇస్మాయిల్‌కూ కాలువ కంపెనీ పెద్ద ఫెర్డినాండ్ ద లెసెప్స్‌కూ తగవు ముదిరి, అది ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ ముందుకు వెళ్లింది. ఈజిప్టు ఖజానా కంపెనీకి 8 కోట్ల 40 లక్షల ఫ్రాంకులు చెల్లించాలని ఆయన తీర్పు చెప్పాడు. అందులో 3 కోట్ల 80 లక్షలు వెట్టి కూలీలను ఇకమీదట పంపనందుకు పరిహారం. ఆ ఒక్క పద్దు దగ్గర మరో నిమిషం ఆగకుండా ముందుకు కదలలేకపోతున్నాను. నెలకు ఇరవై వేల మంది చొప్పున రైతులను ఎడారికి తోలి, తట్టా పారా చేతికిచ్చి తవ్వించారు. ఆ తోలకం ఆగిపోయినందుకు నష్టపరిహారం. ఖజానా నింపేది ఎవరు? పన్నులు కట్టే ఆ రైతులే. వెట్టి అంటే ఏమిటో మన పల్లెలకు వేరే చెప్పనక్కర్లేదు. అందులోంచి బయటపడడానికీ వాళ్లచేతే వెల కట్టించారని చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

తీర్పు వచ్చింది, డబ్బు వస్తుంది. మరి తవ్వేదెవరు?

అప్పటికి పని మొదలై అయిదేళ్లు దాటింది. 1859 ఏప్రిల్ 25న పోర్ట్ సయీద్ ఇసుకలో లెసెప్స్ మొదటి పలుగుపోటు వేసినప్పటి నుంచి జరిగింది తక్కువేమీ కాదు. దారికి అడ్డంగా ఉన్న ఎల్ గిస్ర్ దిబ్బలో కొంత భాగాన్ని వేల మంది మోసి అవతల పోశారు. 1862 నవంబరులో మధ్యధరా నీళ్లు దారి నడుమ ఉన్న తిమ్సా సరస్సు దాకా పారాయి. కానీ ఆ పారిన నీటిలో నడిచేవి చిన్న పడవలే. సముద్రపు ఓడ పోవాలంటే 8 మీటర్ల లోతు, అడుగున 22 మీటర్ల వెడల్పు కావాలి. అలా ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా 160 కిలోమీటర్ల పైచిలుకు. తీయాల్సిన మట్టి మొత్తం దాదాపు ఏడున్నర కోట్ల ఘనపు మీటర్లు. అందులో అత్యధిక భాగం ఇంకా నేలలోనే ఉంది.

డబ్బిచ్చి కూలీలను పెట్టుకుందామంటే అదీ కలిసిరాలేదు. అమెరికాలో అంతర్యుద్ధం. అక్కడి పత్తి మార్కెట్‌కు రావడం ఆగిపోయేసరికి ఈజిప్టు పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. నైలు లోయలో చేను ఉన్నవాడు చేను వదలడు, లేనివాడికి పక్క చేలోనే మంచి కూలి దొరుకుతుంది. ఎడారికి ఎవడు వస్తాడు? లండన్‌లో ప్రధాని పామర్‌స్టన్ మొదటి నుంచీ ఈ కాలువ కాదు, కాకూడదు అంటున్నవాడు. వెట్టి మీద ఇంగ్లండ్ అంత గట్టిగా అభ్యంతరం చెప్పడంలో దయ కొంత ఉంటే ఉండవచ్చు. ఇండియా దారి ఫ్రెంచివాళ్ల చేతిలో పడుతుందన్న భయం మాత్రం నిండుగా ఉంది. అలెగ్జాండ్రియా నుంచి కైరోకు బ్రిటిష్ ఇంజనీరు వేసిన రైలుమార్గానికి మట్టి మోసిందీ వెట్టి కూలీలే. అప్పుడు లండన్‌కు నోరు లేవలేదు. కూలీలు పోతే కాలువ తనంతట తానే చస్తుందని పామర్‌స్టన్ లెక్క.

ఆ లెక్క తప్పింది. యంత్రం వచ్చాక వెట్టి పోయిందని మనం సాధారణంగా అనుకుంటాం. సూయెజ్‌లో జరిగింది తలకిందులు. వెట్టి పోయింది కాబట్టి యంత్రం వచ్చింది. మనిషి చవగ్గా దొరికినంతకాలం కంపెనీ తెచ్చినవి నీటి అడుగు మట్టిని తోడే కొన్ని చిన్న డ్రెడ్జర్లే, అవీ మనుషులు దిగలేని బురద కోసం. మనిషి దొరకడం మానేశాక గాని మంచి యంత్రం గురించి ఎవరూ తలబద్దలు కొట్టుకోలేదు.

బురద అన్నాను కదా, ముందు దాన్ని చూద్దాం. పోర్ట్ సయీద్ దాటగానే మంజాలా సరస్సు మొదలవుతుంది. మోకాలి లోతు ఉప్పునీళ్లు, దాని కింద నైలు వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు. కాలువ మొదటి నలభై అయిదు కిలోమీటర్లు దీని గుండానే పోవాలి. తవ్విన బురదను పక్కన వేస్తే తిరిగి జారి గుంటలోకే వస్తుంది. చిన్న డ్రెడ్జర్లు తిరగడానికైనా ఒక సన్నని దారి కావాలి. ఆ దారి వేసింది సరస్సులో చేపలు పట్టుకునే జాలరులు. నీళ్లలో నిలబడి చేతులతో బురద ముద్దను పైకి తీసి, రొమ్ముకేసి అదిమి నీళ్లు పిండి, ఆ ముద్దను తోటివాడి వీపు మీద పెట్టేవారు. అతడు వెనక్కి చేతులు కట్టి దాన్ని పట్టుకుని, వంగి నడిచి గట్టు మీద వేసేవాడు. ఒక వరస ఎండాక దాని మీద మరో వరస. పార లేదు, తట్ట లేదు. కట్ట నిలిచింది. పారిస్‌లో చదువుకున్న ఇంజనీర్లు ఈ పద్ధతిని నోరెళ్లబెట్టి చూశారు. ఈ కథలో డ్రెడ్జర్ల గొప్ప చెప్పబోతున్నాను గనుక, వాటికి ముందు దారి వేసిన ఆ రొమ్ములను మరిచిపోకూడదు.

1863, 64లలో కంపెనీ పనిని ముక్కలు చేసి కాంట్రాక్టులకిచ్చింది. పోర్ట్ సయీద్ అలలకట్టలు దుస్సో సోదరులకు. అక్కడ రాయి లేదు. ఫ్రాన్స్ నుంచి ఓడల్లో సున్నం తెప్పించి, ఇసుకతో కలిపి 20 టన్నుల దిమ్మెలు పోసి ఎండబెట్టి సముద్రంలో దించారు. ఎల్ గిస్ర్ దిబ్బ కూవ్రో అనే ఆయనకు. ఆయన పట్టాల మీద నడిచే బకెట్ల యంత్రంతో పొడినేలను కోయించాడు. ఉత్తరాన మంజాలా వైపు తవ్వకం విలియం ఐటన్ అనే స్కాట్లండ్ కాంట్రాక్టరుకు. ఆయనకు పని సాగలేదు. ఉన్న యంత్రాలు చాలవు, కొత్తవి సమయానికి అందవు, మంచి కూలీలు దొరకరు. చివరికి ఆ పని ఆయన చేయి జారి ఇద్దరు ఫ్రెంచివాళ్ల దగ్గరకు వచ్చింది. పాల్ బొరెల్, అలెగ్జాండర్ లావలే. ఇద్దరూ పారిస్ ఎకోల్ పాలిటెక్నిక్‌లో చదివినవాళ్లే. లావలే ఇంగ్లండ్‌లో రైలింజన్ల పని నేర్చుకుని వచ్చినవాడు. యంత్రాన్ని కాగితం మీద కాకుండా చేతులకు నూనె అంటించుకుని తెలుసుకున్నవాడని ఆయన చేసిన ప్రతి మార్పులోనూ కనిపిస్తుంది.

డ్రెడ్జర్ కొత్త వస్తువు కాదు. ఆమ్‌స్టర్‌డామ్ కాలువల్లో పదహారో శతాబ్దం చివరికే బురద మరలు ఉండేవి. మొదట మనుషులు చక్రంలో నడిచి తిప్పేవారు, తర్వాత గుర్రాలు. ఆవిరి యంత్రం వచ్చాక గుర్రాలు దిగిపోయాయి. మూలసూత్రం ఈజిప్టు రైతుకు తెలియనిదేమీ కాదు. నైలు ఒడ్డున ఎద్దు గానుగెద్దులా తిరుగుతుంటే కుండల మాల నీళ్లలోకి దిగి, నిండి, పైకి వచ్చి కాలువలో ఒలుకుతుంది. దాన్ని సాకియా అంటారు. కుండల చోట ఇనుప బకెట్లు, ఎద్దు చోట ఆవిరి యంత్రం, బావి చోట సముద్రం. ఇంతే డ్రెడ్జర్.

ఇంతే అన్నాను గాని, దగ్గరికి వెళ్లి చూస్తే అంత తేలిక కాదు. లావలే పెద్ద డ్రెడ్జర్ 33 మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల పైచిలుకు వెడల్పు ఉన్న ఇనుప పెట్టె. నడుమ ఒక చీలిక. ఆ చీలికలోంచి ఇనుప నిచ్చెన నీళ్లలోకి వాలుగా దిగుతుంది. నిచ్చెన పైకొసన ఒక డ్రమ్ము, అడుగు కొసన ఒక డ్రమ్ము, రెంటినీ చుట్టుకుని బకెట్ల మాల. పై డ్రమ్ము గుండ్రంగా ఉండదు, పలకలుగా ఉంటుంది. గుండ్రంగా ఉంటే మట్టి బరువుకు గొలుసు జారిపోతుంది. పలకలుంటే ఒక్కో పలక ఒక్కో లంకెను పట్టి లాగుతుంది. అందుకే ప్రతి బకెట్ పైకొచ్చి తిరగబడేటప్పుడు ఒక కుదుపు, ఒక మోత. ఆ మోత ఆగితేనే పడవలోని వాళ్లు ఉలిక్కిపడి లేస్తారు.

పని చేస్తున్నప్పుడు ఈ పడవ ప్రయాణం చేయదు. ముందొక లంగరు, వెనకొక లంగరు, పక్కలకు మరికొన్ని. ఎడమ లంగరు గొలుసు చుడుతూ కుడి గొలుసు వదులుతుంటే పడవ ముక్కు విల్లులా పక్కకు జరుగుతుంది. ఆ జరుగుడులోనే బకెట్లు అడుగును గీరుకుంటూ పోతాయి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒక చాలు అయ్యాక, ముందు గొలుసును కొద్దిగా చుట్టి, మళ్లీ వెనక్కి. దుక్కి దున్నేవాడి పద్ధతే. చాలుకూ చాలుకూ మధ్య గట్టు మిగిలితే రేపు ఓడ అడుగు దానికే తగులుతుంది. పక్క గొలుసుల దగ్గర నిలబడే మనిషి చేతిలోనే కాలువ నునుపంతా ఉంటుంది.

ఇక పిన్నులు. బకెట్‌కూ బకెట్‌కూ మధ్య లంకెల్లో ఇనుప పిన్నులుంటాయి. ఎడారి ఇసుక సానరాయి లాంటిది. నీళ్లతో కలిసి ప్రతి కీలులోకీ దూరి పిన్నునూ బుష్షునూ కొద్దికొద్దిగా తినేస్తుంది. పిన్ను అరిగితే లంకె సాగుతుంది, లంకెలు సాగితే గొలుసు పొడవవుతుంది, వదులైన గొలుసు నిచ్చెన మీంచి పక్కకు పడుతుంది. అప్పుడు పొయ్యి మండుతూనే ఉంటుంది, బొగ్గు కాలుతూనే ఉంటుంది, తవ్వకం మాత్రం సున్నా. ఆ బొగ్గు కూడా దూరదేశం నుంచి ఓడల మీద రావాల్సిందే. అందుకే డ్రెడ్జర్ వెంట ఒక వర్క్‌షాపు ఉండాలి. కమ్మరి, ఫిట్టర్, బాయిలర్ మేస్త్రీ ఉండాలి. పోర్ట్ సయీద్‌లో కొలుములు వెలిశాయంటే ఈ పిన్నుల పుణ్యమే.

ఇన్ని చిక్కులూ పాతవే. లావలేకి ఎదురైన కొత్త చిక్కు వేరు. తీసిన మట్టిని ఎక్కడ పోయాలి? పడవల్లోకి ఒంపి, సముద్రం దాకా మోసి, అడుగు తలుపులు తెరిచి వదిలేయడం ఒక దారి. పోర్ట్ సయీద్ దగ్గర అలాగే చేశారు. కానీ ఒడ్డు యాభై మీటర్ల దూరంలో ఉన్నప్పుడు మట్టిని పడవెక్కించి ముప్పై కిలోమీటర్లు తిప్పడం ఎందుకు? తిన్నగా గట్టు మీదకే పంపగలిగితే?

ఆయన డ్రెడ్జర్‌ను ఎత్తు పెంచాడు. పై డ్రమ్ము నీటిమట్టానికి పద్నాలుగు మీటర్లకు పైన నిలిచింది. అక్కడి నుంచి గట్టు మీదకు 70 మీటర్ల పొడవున ఒక ఇనుప జారుడు కాలువ కట్టాడు. దాన్ని మోయడానికి పక్కనే మరో బల్లకట్టు. బకెట్లు పైన ఒంపిన మట్టి ఆ కాలువలో పడి జారాలి. వాలు బాగా పెడితే డ్రెడ్జర్ ఇంకా ఎత్తు కావాలి, గాలికి తిరగబడుతుంది. వాలు తగ్గిస్తే మట్టి కదలదు. అక్కడ లావలే బుర్ర పనిచేసింది. పంపులతో నీళ్లు తోడి జారుడు కాలువ పైకొసన పోయించాడు. ఇసుక నీళ్లతో కలిసి, మీటరుకు నాలుగైదు సెంటీమీటర్ల వాలులోనే పరుగెత్తి గట్టు అవతల పడింది. నీళ్లు ఇంకిపోయాయి, ఇసుక నిలిచింది. బంకమట్టి ఉన్నచోట నీళ్లొక్కటే చాలలేదు. దానికి పలకలు బిగించిన మరో గొలుసును జారుడు కాలువ పొడవునా తిప్పి, అంటుకున్న ముద్దలను నెట్టించాడు.

తవ్వడం, ఎత్తడం, మోయడం, పారబోయడం. తట్ట ఉన్న రోజుల్లో నలుగురు చేసే నాలుగు పనులు. మధ్యలో ఎవరూ చేయి పెట్టకుండా నాలుగూ ఒకే వరసలో జరిగిపోయాయి. మంచి నేల దొరికిన మంచి నెలలో లక్ష ఘనపు మీటర్లు దాటించిన యంత్రాలున్నాయి. గట్టు మరీ ఎత్తుగా ఉండి ఈ జారుడు కాలువ అందని చోట్ల మట్టిని పెట్టెలకెత్తి, ఏటవాలు పట్టాల మీద పైకి లాగి తిరగబోసే యంత్రాలు పెట్టారు. మొత్తం అరవై దాకా డ్రెడ్జర్లు. ఒక్కోటి లక్షల ఫ్రాంకుల వస్తువు. ఫ్రాన్స్ కర్మాగారాల్లో భాగాలుగా తయారు చేసి పోర్ట్ సయీద్‌లో జోడించారు. లెసెప్స్ పేరు ప్రపంచమంతా తెలుసు. ఈ కాలువను నిజంగా తవ్వినవాడు ఎవరని అడిగితే నేను లావలే పేరే చెబుతాను.

ఆయన ధైర్యం చూడాలంటే సెరాపియం దగ్గరికి వెళ్లాలి. తిమ్సా సరస్సుకు దక్షిణాన నేల సముద్రమట్టానికి చాలా ఎత్తుకు లేస్తుంది. అక్కడ సముద్రపు నీళ్లు లేవు. నీళ్లు లేనిచోట డ్రెడ్జర్ ఏం చేస్తుంది? పారలతో తవ్వాలంటే మనుషుల్లేరు. అప్పటికి నైలు నుంచి మంచినీటి కాలువ ఒకటి తవ్వి ఉంది. 1862లో తిమ్సా ఒడ్డుకు, 1863 చివరికి సూయెజ్ ఊరికి తాగునీళ్లు తెచ్చింది అదే. దాని నీటిమట్టం సముద్రం కంటే దాదాపు ఆరు మీటర్లు ఎక్కువ. లావలే సెరాపియంలో పైపైన కొంత తవ్వించి, అటూ ఇటూ అడ్డుకట్టలు వేసి, మంచినీటి కాలువ నుంచి గండి కొట్టి నీళ్లు వదిలాడు. ఎడారి నడుమ చెరువు వెలిసింది. డ్రెడ్జర్లను లాకుల ద్వారా మెట్టు మెట్టుగా పైకెక్కించి, మంచినీటి కాలువ మీదుగా నడిపి, ఆ చెరువులో దించాడు. సముద్రమట్టానికి ఆరు మీటర్ల ఎత్తున తేలుతూ, సముద్రపు ఓడలు నడిచే లోతు దాకా అవి తవ్వుకుంటూ పోయాయి. పని ముగిశాక కట్ట తెంచారు. చెరువు దిగి సముద్రంలో కలిసింది, డ్రెడ్జర్లూ దానితోపాటే దిగాయి. ధవళేశ్వరం దగ్గర లాకుల్లో పడవ ఎక్కడం దిగడం చూసిన గోదావరి జిల్లాల వాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది.

ఈ యంత్రాల చుట్టూ ఊళ్లు పెరిగాయి. పోర్ట్ సయీద్‌లో గ్రీకులు, ఇటాలియన్లు, మాల్టా వాళ్లు, డాల్మేషియా వాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఈజిప్టువాళ్లు. అందరికీ కూలి డబ్బుల్లోనే. తాగే నీళ్లు పడవల్లో వచ్చే రోజులు 1864లో పోయాయి. తిమ్సా ఒడ్డున వెలిసిన ఇస్మాయిలియా నుంచి ఎనభై కిలోమీటర్ల గొట్టం వేశారు. బొగ్గు మసి, ఉప్పుగాలి, రొట్టె పొయ్యిలు, సారా దుకాణాలు. 1865 వేసవిలో కలరా వచ్చింది. హజ్ యాత్రికుల వెంట మొదలై ఈజిప్టంతా పాకింది. కొలువు వదిలి ఓడ దొరికినవాళ్లు దొరికినట్టు పారిపోయారు. కొన్ని వారాలు పని దాదాపు స్తంభించింది. డ్రెడ్జర్‌కు కలరా రాదు, నిజమే. కానీ దాని పొయ్యిలో బొగ్గు వేసే మనిషికి వస్తుంది. ఆ అక్టోబరులోనే పామర్‌స్టన్ కన్నుమూశాడు. అమెరికా యుద్ధం ముగిసి పత్తి ధర దిగింది. నెమ్మదిగా మనుషులు తిరిగి వచ్చారు. 1867, 68లలో గొలుసులన్నీ ఒక్కసారిగా తిరిగాయి. తీసిన మొత్తం మట్టిలో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు బొరెల్, లావలే యంత్రాలు తీసినదే.

ఇక్కడ మన తీరం గుర్తుకు రాక మానదు. పోర్ట్ సయీద్ పశ్చిమ అలలకట్ట ఎందుకు కట్టారు? నైలు ముఖద్వారం నుంచి తూర్పుకు కొట్టుకొచ్చే ఇసుక రేవును పూడ్చకుండా. విశాఖలోనూ ఇదే తగవు. దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం వెంబడి ఇసుక నడుస్తూనే ఉంటుంది. 1933లో రేవు తెరిచిన నాటి నుంచీ దానితో పోరే. రేవు దగ్గర చిక్కిన ఇసుకను డ్రెడ్జర్‌తో తీసి, గొట్టాల ద్వారా ఆర్కే బీచ్ మీదకు చిమ్మడం విశాఖవాసులు చూస్తున్నదే. నల్లటి నీళ్ల ధార ఒడ్డున పడి, నీళ్లు వెనక్కి జారి, ఇసుక మిగులుతుంది. లావలే జారుడు కాలువలో జరిగిందీ అదే. ఇప్పటి డ్రెడ్జర్లలో బకెట్ల మాల అరుదు. చాలావి పెద్ద పంపు పెట్టి నీళ్లతో సహా ఇసుకను పీల్చి, సొంత కడుపులో నింపుకుని పోతాయి. 1976లో ఏర్పడిన డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా విశాఖలో ఉండడం యాదృచ్ఛికం అనిపించదు. ఇసుకతో రోజూ తలపడే ఊరికే దాని విలువ తెలుస్తుంది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే మహానౌక సూయెజ్‌లో అడ్డం తిరిగి ఆరు రోజులు ఆ దారిన సాగే వ్యాపారాన్ని నిలిపేసినప్పుడూ, టగ్గులు దాన్ని లాగి విడిపించడానికి ముందు దాని ముక్కు కింది ఇసుకను తోడింది మష్హూర్ అనే డ్రెడ్జరే.

మళ్లీ 1869కి వద్దాం. మార్చిలో సెరాపియం అవతల ఎండిపోయి ఉన్న బిట్టర్ లేక్స్ సరస్సుల్లోకి మధ్యధరా నీళ్లు వదిలారు. ఆగస్టులో రెండు సముద్రాలు కలిశాయి. నవంబరు 17న కాలువ తెరుస్తామని లెసెప్స్ యూరప్ రాజులందరికీ చెప్పేశాడు. పాల్ బొరెల్ ఆ రోజు చూడలేదు. కొద్ది వారాల ముందే, నలభై దాటీ దాటకుండా, కన్నుమూశాడు. లావలే ఒక్కడే డ్రెడ్జర్ల వెంట పరుగెత్తుతున్నాడు.

తెరవడానికి సుమారు రెండు వారాలుందనగా, లోతు కొలిచే మనుషులు ఒక కబురు తెచ్చారు. అంతకుముందు కొలిచిన రెండు చోట్లకు మధ్య, ఎవరి లెక్కలోకీ రాకుండా, ఒక రాతి పలక ఉంది. బకెట్లు దాని మీద పడి విరుగుతున్నాయి. యూరప్ నుంచి చక్రవర్తుల ఓడలు అప్పటికే బయలుదేరాయి. లెసెప్స్ కైరోకు మనిషిని పరుగెత్తించాడు, తుపాకి మందు కోసం. ఆ రాయి పేలిందా, పేలాక దారి సరిపోయిందా, ప్రారంభానికి ముందు రాత్రి లతీఫ్ అనే ఈజిప్టు ఓడ నడికాలువలో ఇసుకకెక్కి కూర్చుంటే ఇస్మాయిల్ ఏం చేయడానికి సిద్ధపడ్డాడు, ఫ్రాన్స్ చక్రవర్తిని యూజినీ ఓడ ఆ ఉదయం కదిలిందా లేదా – వచ్చే భాగంలో.